నమిలే గొలుసు: నల్లగొండ, పాలమూరు నడుమ ఒక సంవాదం

చ్యూ నెక్లెస్ అనే వ్యాపార నామంతో ఆన్‌లైన్ దుకాణాలలో దొరుకుతున్న వస్తువు చూడడానికి పిల్లల మెడలో వేసే రంగుల లాకెట్ వలె ఉన్నా, దానిని తయారు చేసింది అలంకారం కోసం కాదు. చొక్కా కాలరు, పెన్సిలు కొస, గోళ్లు, ఒక్కొక్కసారి తమ మణికట్టును తామే ఎడతెగక కొరుక్కునే పిల్లలకు, ముఖ్యంగా ఆటిజం ఉన్నవారిలో కొందరికి, కొరికినా ఫరవాలేని ఒక సిలికాన్ ముక్కను ఎల్లప్పుడూ చేతికందేలా ఉంచాలన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. హైదరాబాదులోని థెరపీ కేంద్రాలకు పరిచితమైన ఈ వస్తువు నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) పాత జిల్లాల మెట్ట గ్రామాలకు వచ్చినప్పుడు ఎదురయ్యే ప్రశ్నలను ఈ సంవాదం చర్చిస్తుంది.

వక్తలు ఇద్దరూ కల్పిత పాత్రలు. ఒకరు నల్లగొండ వైపు ఒక మండల కేంద్రంలోని భవిత కేంద్రంలో, అంటే సమగ్ర శిక్షా పథకం కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే వనరుల కేంద్రంలో, పనిచేసే ఉపాధ్యాయిని. మరొకరు పాలమూరులో చాలాకాలంగా పిల్లల వైద్యం చేస్తున్న పెద్దవయసు వైద్యుడు. శాస్త్ర చర్చల సంప్రదాయంలో పూర్వపక్షం ముందు, సిద్ధాంతం తరువాత రావడం రివాజు. ఇక్కడ ఏది పూర్వపక్షమో ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోరు.

ఉపాధ్యాయిని: డాక్టర్ గారూ, నమలడాన్ని దురలవాటుగా లెక్కగట్టడంతోనే పొరపాటు మొదలవుతున్నది. దవడను మూసే మాసెటర్ కండరం శరీరంలోని బలమైన కండరాలలో ఒకటి. అది బిగుసుకున్న ప్రతిసారీ కండరాల నుంచి, కీలు నుంచి, పంటి మూలాల నుంచి ఒత్తిడి సమాచారం ట్రైజెమినల్ నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. అవయవం ఎక్కడ ఉన్నదో, ఎంత బలంగా పనిచేస్తున్నదో కళ్లతో చూడకుండానే తెలిపే ఈ జ్ఞానాన్ని ప్రొప్రియోసెప్షన్ అంటారు. చుట్టుపక్కల చప్పుళ్లను, వెలుతురును, తాకిడిని తట్టుకోలేని పిల్లవాడికి ఈ లోపలి ఒత్తిడి ఒక పట్టుకొమ్మ వలె పనిచేస్తుందని ఆక్యుపేషనల్ థెరపిస్టులు, అంటే రోజువారీ పనులు చేసుకోగలిగేలా తర్ఫీదునిచ్చే చికిత్సకులు, భావిస్తారు. అమెరికాకు చెందిన జీన్ ఏయర్స్ 1972లో వెలువరించిన గ్రంథంతో ఈ ఆలోచనకు ఇంద్రియ సమన్వయం అనే పేరు స్థిరపడింది. బడిలో చూస్తే ఇది మరింత తేలికగా అర్థమవుతుంది. మధ్యాహ్న భోజనానికి గంట కొట్టి, స్టీలు పళ్లేలు ఒకదానిమీద ఒకటి పడే చప్పుడు మొదలయ్యేసరికి అలాంటి పిల్లవాడి కాలరు నోట్లోకి పోతుంది. వరుసలో అతని వంతు వచ్చేసరికి చొక్కా రెండో గుండీ దాకా తడిసి, మెడ దగ్గర చర్మం ఒరుసుకుపోయి ఉంటుంది. ఆ కాలరును లాగేస్తే అతను తన చేతినే కొరుక్కుంటాడు.

వైద్యుడు: ఆ పిల్లవాడి బాధను ఎవరూ కాదనడం లేదమ్మా. 2013లో వెలువడిన డీఎస్ఎమ్-5, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం రూపొందించిన రోగనిర్ధారణ గ్రంథం, ఇంద్రియ స్పందనలు మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో ఉండడాన్ని ఆటిజం లక్షణాలలో చేర్చింది కనుక, అది ఉన్నదనడంలో వివాదమే లేదు. వివాదమంతా చికిత్స విషయంలో. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే ఇంద్రియ చికిత్సల ఫలితాలకు పరిశోధనల బలం పరిమితమనీ, అవి ఒక నిర్ణయానికి రావడానికి చాలవనీ ప్రకటించింది. నమిలే లాకెట్ విషయంలో ఆ బలం ఇంకా పలుచన. అయినా ఈ చర్చను సిద్ధాంతంతో మొదలుపెట్టడంకన్నా ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెట్టడం మేలు: పిల్లవాడు నమిలి ఊరుకుంటున్నాడా, మింగుతున్నాడా?

ఉపాధ్యాయిని: కాలరును ఎవరు మింగుతారు, డాక్టర్ గారూ?

వైద్యుడు: కాలరును మింగకపోవచ్చు, దాని గుండీని మింగవచ్చు, గోడ సున్నాన్ని గీకి తినవచ్చు, పలక మీద రాసే బలపాన్ని కొరికి తినవచ్చు. ఆహారం కానిదాన్ని నెల రోజులకు మించి తింటూ ఉండడాన్ని పైకా అంటారు. రెండేళ్లు దాటిన పిల్లలలోనే దానిని లెక్కలోకి తీసుకుంటారు. ఈ ప్రాంతంలో దానికి పరిభాష అవసరం లేదు, మన్ను తినుడు అంటే చాలు. వాన పడ్డప్పుడు వచ్చే మట్టి వాసనకు నోరూరుతున్నదని చెప్పే గర్భిణులూ, సంచిలో బలపాల పెట్టెను నాలుగు రోజులలో ఖాళీ చేసే పిల్లలూ పాలమూరు పల్లెలకు కొత్త కాదు. కృష్ణుడూ మన్ను తిన్నవాడే కదా అని పిల్లల తల్లులు నవ్వేస్తారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలలో దాదాపు 70 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఇనుము లోపానికీ పైకాకూ గట్టి సంబంధం ఉన్నదని వైద్యశాస్త్రం చాలాకాలంగా గుర్తించింది; పైగా ఇనుము తక్కువైన శరీరం సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తపరీక్ష చేయించకుండా ఇలాంటి పిల్లవాడి మెడలో లాకెట్ వేయడం, ఆకలి ఏడుపుకు గిలక్కాయ ఆడించడం వంటిది.

ఉపాధ్యాయిని: ముందు పరీక్ష చేయించాలన్న మాటతో పేచీ లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను చూసి, అవసరమైనవారిని జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలన్నదే ఆ పథకం నియమం. అయితే పరీక్షలో హిమోగ్లోబిన్ సరిగ్గానే ఉన్న పిల్లవాడు కూడా కాలరు నమలుతున్నప్పుడు ఏమి చెప్పాలి? మన్ను తినే పిల్లవాడికి కావలసింది మన్ను. నమిలే పిల్లవాడికి కావలసింది నమలడం. వెతుక్కునే వస్తువును గమనిస్తే ఈ తేడా తెలుస్తుంది. మొదటివాడు ఒకే రకం పదార్థం కోసం గోడ దగ్గరికి, పొయ్యి దగ్గరికి పోతాడు. రెండోవాడు గుడ్డ, రబ్బరు, తోలు, సంచి పట్టీ ఏదైనా సరే పంటి కింద సాగేదాన్ని పట్టుకుంటాడు, చప్పుడు పెరిగినకొద్దీ గట్టిగా కొరుకుతాడు. అన్నిటినీ రక్తహీనత ఖాతాలో వేస్తే ఈ రెండోవాడు ఎవరికీ కనిపించడు.

ఇక్కడ ఉపాధ్యాయిని చేసిన విభజన పాఠ్యగ్రంథాలలో ఉన్నంత శుభ్రంగా నిజజీవితంలో ఉండదని చెప్పక తప్పదు. ఉదయం సున్నం గీకినవాడే మధ్యాహ్నం సంచి పట్టీ కొరకడం అసాధ్యమేమీ కాదు. అయినా వైద్యుడు ఆ లొసుగును పట్టుకోకుండా, బహుశా తనకు ఇష్టమైన విషయం కావడం వల్ల, తిండి వైపు తిరిగాడు.

వైద్యుడు: అలాగే అనుకుందాము. నమలడమే కావాలంటే ఈ మెట్ట ప్రాంతంలో నమిలే తిండికి కరువేమున్నది? తాటి గేగు ఉన్నది. కోస్తావారు తేగ అనేది అదే. తాటి పండు తిన్న తరువాత టెంకలను మట్టిలో పాతరవేస్తే అవి మొలిచి నేలలోకి దిగిన మొలకను చలికాలంలో తవ్వి తీసి, ఉడకబెట్టో నిప్పుల మీద కాల్చో అమ్ముతారు. పై పొర ఒలిచి, నిలువునా రెండుగా చీల్చి, దవడ పళ్ల మధ్య పెట్టి పిండినట్టు నమిలితే పిండిపదార్థం లోపలికి పోయి పీచు నోట్లో మిగులుతుంది, దాన్ని ఉమ్మేయాలి. ఒక్క గేగుకు దవడ చేసే పని, సంచెడు చిప్సుకు చేయదు. చెరకు గడ, కాల్చిన మక్క కంకి, నిన్నటి జొన్నరొట్టె అంచు, సంక్రాంతి సకినాలు, ఇవన్నీ దవడకు పని చెప్పేవే. ఈనాటి పిల్లల చేతిలో ఐదు రూపాయల పొట్లం ఉన్నది; అందులోది నాలుక మీద పెట్టగానే కరిగిపోతుంది.

ఉపాధ్యాయిని: తిండితో మొదలుపెట్టమని థెరపిస్టులూ చెబుతారు, కనుక గేగు విషయంలో డాక్టర్ గారిదే గెలుపు. అయితే గేగు సంక్రాంతికి అటూ ఇటూగా దొరుకుతుంది, లెక్కల పీరియడు ఏడాది పొడవునా ఉంటుంది. చెరకును రోజంతా నమిలితే పళ్లు పుచ్చుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, పీచును ఉమ్మేయాలని తెలియని పిల్లవాడికి గేగు కూడా గొంతుకు అడ్డుపడే వస్తువే. వాడికి కావలసింది కరగనిది, తెగనిది, మింగవలసిన అవసరం లేనిది. సిలికాన్ ముక్కకు ఆ మూడు గుణాలూ ఉన్నాయి.

వైద్యుడు: తెగనిది అన్నచోటనే ఆగాలి. 2018 డిసెంబరు 20న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక జారీ చేసింది. పళ్లు వచ్చేటప్పటి నొప్పికి పసిపిల్లల మెడలో వేసే పూసల గొలుసు బిగుసుకొని, పగటి నిద్రలో ఉన్న పద్దెనిమిది నెలల బిడ్డ మరణించిన ఘటననూ, కొయ్య పూసల కంకణం నుంచి ఊడిన పూసలు ఏడు నెలల బిడ్డ గొంతుకు అడ్డం పడగా ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చిన ఘటననూ అది ఉదహరించింది. రెండో ఘటన జరిగినప్పుడు తల్లిదండ్రులు పక్కనే ఉన్నారు. ఆ హెచ్చరిక పసిపిల్లలతో ఆగిపోలేదు. ఆటిజం, ఏకాగ్రత లోపం వంటివి ఉన్నవారు ఇంద్రియ ప్రేరణ కోసం వాడే ఇటువంటి ఆభరణాలనూ పేరుపెట్టి చేర్చింది.

ఉపాధ్యాయిని: మొదటిది సీమగుగ్గిలం, అంటే ఆంబర్, పూసల దండ, రెండోది కొయ్య పూసలు. భవిత కేంద్రానికి వచ్చేది ఎనిమిదేళ్ల పిల్లవాడు, అతనికి ఇవ్వదలచింది పూసలు లేని ఒకే అచ్చు ముక్క. పైగా మంచి తయారీలో గొలుసుకు వెనుక ఒక కొక్కెం ఉంటుంది. గట్టిగా లాగితే అదే విడిపోతుంది.

వైద్యుడు: పూసలు సీమగుగ్గిలంవి, కొయ్యవి, చలువరాతివి, సిలికాన్‌వి ఏవైనా కావచ్చునని హెచ్చరికలోనే ఉన్నది. ఆ సంగతి అలా ఉంచి, విడిపోయే కొక్కెం పల్లెటూరి ఇంటికి చేరిన తరువాత ఏమవుతుందో ఊహించాలి. అది విడిపోవడానికే పుట్టింది కనుక ఆటలో విడిపోతుంది, నీళ్ల పంపు దగ్గర విడిపోతుంది, ఇంకో పిల్లవాడు లాగితే విడిపోతుంది. ఖరీదైన వస్తువు పోతుందేమోనన్న భయంతో మూడో రోజున నాయనమ్మ ఆ కొక్కెం మీదుగా నల్లదారం నాలుగు చుట్లు చుట్టి, రెండు ముడులు వేసి, పంటితో దారం కొస తెంపుతుంది. ఆ ముడి పడిన క్షణం నుంచి అది విడిపోయే గొలుసు కాదు, ఉరితాడు. ఆమె చేసింది అజాగ్రత్త కూడా కాదు, పొదుపు; దిష్టితాడు కట్టిన చేతికి దారం ముడి వేయడం అలవాటైన పని.

ఈ మాటకు ఉపాధ్యాయిని వెంటనే జవాబు చెప్పకపోవడం గమనించదగినది. తయారీదారు ఊహించిన ప్రమాదానికి తయారీలోనే విరుగుడు ఉన్నది. ఆ విరుగుడును ఇంటివారి ప్రేమ రద్దు చేస్తుందని మాత్రం ఏ డబ్బా మీది సూచనలలోనూ రాయరు. ఆమె తిరిగి మాట్లాడినప్పుడు ఎదురుదాడికి దిగింది.

ఉపాధ్యాయిని: నల్లదారం మాట వచ్చింది కనుక అడగవలసి ఉన్నది. దర్గా దగ్గర కట్టించిన తాయెత్తు, జాతరలో కొన్న పూసల దండ, మొలతాడుకు వేలాడే గజ్జె ఇప్పటికే ఆ పిల్లవాడి ఒంటి మీద ఉన్నాయి. అతను నమిలేది వాటినే. రేకు తాయెత్తు మూత లక్కతో అంటించి ఉంటుంది. నాలుగు నెలలు నమిలితే లక్క పోయి, రేకు అంచు పైకి లేస్తుంది. ఆ లోహంలో ఏమున్నదో చేసినవాడికీ తెలియదు. దానికి ఏ దేశపు సంస్థా హెచ్చరిక ఇవ్వలేదు, ఏ డాక్టరూ తీసేయమనలేదు. పిల్లవాడు ఎలాగూ ఆభరణాన్ని నములుతూనే ఉన్నాడు. కాస్త మేలైన దాన్ని నమలనివ్వమన్నంత మాత్రాన ఇంత అభ్యంతరమా?

వైద్యుడు: తాయెత్తును తీసేయమని చెప్పని డాక్టరుది తప్పే, అమ్మా. చవక లోహపు నగలలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి రంగులలోనే సీసం 90 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు, మించరాదని 2016లో కేంద్రం నియమం చేయవలసి వచ్చింది. దేవుడి పేరు చెప్పి కట్టిన దాన్ని తీయమనడానికి నోరు రాక, జేబులో పెట్టుకోమ్మా అని సర్దిచెప్పడం వైద్యులకు అలవాటైపోయింది. అయితే ఒక చెడు ఉన్నందున రెండో దానికి చోటివ్వడం న్యాయమనిపించుకోదు.

ఉపాధ్యాయిని: జేబులో పెట్టుకోవడమే ఇక్కడా దారి కావచ్చు. మెడకు వేయడం ఈ వస్తువుకు ప్రాణం కాదు. జానెడు కూడా లేని గుడ్డ పట్టీకి ముక్కను కట్టి, పట్టీ రెండో కొసకు క్లిప్పు పెట్టి చొక్కా జేబు అంచుకు తగిలిస్తే నోటికి అందుతుంది, మెడను చుట్టుకోదు. పెన్సిలు తలకు తొడిగేవి కూడా ఉన్నాయి. అయితే లాకెట్ రూపాన్ని ఇష్టపడేవారి కారణం కూడా తేలికైనది కాదు. ఎనిమిదేళ్లవాడు తేనెపీక వంటిది నోట్లో పెట్టుకుంటే తరగతి అంతా నవ్వుతుంది. మెడలో ఏదో వేసుకొని దాన్ని కొరికితే అందరు పిల్లలూ గొలుసు కొరికినట్టే ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవై ఒక్క వైకల్యాలలో ఆటిజం ఒకటి. చట్టం హక్కులు ఇచ్చింది, పక్క బెంచీవాడి నవ్వును ఆపలేదు.

వైద్యుడు: జేబు క్లిప్పుకు అభ్యంతరం సగం తగ్గింది. మిగిలిన సగం పళ్ల గురించి. నల్లగొండ నీటి చరిత్ర టీచరమ్మకు చెప్పనవసరం లేదు. ఆ జిల్లా పేరు మీద నల్లగొండ టెక్నిక్ అనే పద్ధతే ఉన్నది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును అడుగుకు దింపే ఆ విధానాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు నీరు తాగుతూ పెరిగితే పంటి పైపొర, అంటే ఎనామిల్, తయారయ్యే దశలోనే దెబ్బతింటుంది. ముందు సుద్ద చారలు, తరువాత గోధుమ రంగు మరకలు, ముదిరితే గుంటలు. గుంటలు పడిన ఎనామిల్ గట్టి వస్తువు కొరికితే పెచ్చులుగా రాలుతుంది. చ్యూ ముక్కలు మెత్తనివి, నడిమిరకం, గట్టివి అని పలు రకాలుగా వస్తాయి. గట్టిగా కొరికేవాడికి గట్టిది కొనమని అమ్మేవారు చెబుతారు. వాడి నోరు తెరిచి చూడకుండా ఆ సలహాను ఎలా పాటించాలి?

ఉపాధ్యాయిని: మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి, మరకల పళ్లు ఎక్కువగా తండ్రులవి, తాతలవి. అయినా బోరు నీళ్లు తాగే ఇళ్లు లేకపోలేదు గనుక, ముందు నోరు చూడాలన్న మాటను రాసుకోవలసిందే. పంటి దగ్గరికి వచ్చిన తరువాత ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి: ఒక్కసారిగా నమలడం పెరిగిన పిల్లవాడికి ఇంద్రియాల సమస్య కాక పుచ్చిపోయిన దవడ పన్నో, వస్తున్న ఆరేళ్ల పన్నో కారణం కావచ్చు. మాటలు రాని పిల్లవాడు పంటి నొప్పిని కొరికే చెబుతాడు.

వైద్యుడు: ఆ ఒక్క మాట చాలామంది వైద్యులకు కూడా తట్టదు. ఇక మిగిలింది ఫలితం. కాలరు తడవడం తగ్గిందా లేదా అన్నది ఎవరు తేలుస్తారు?

ఉపాధ్యాయిని: డాక్టర్ గారు ముందు ప్రస్తావించిన 2012 ప్రకటనే దానికి దారి చూపింది. పరిశోధనలు చాలవని చెప్పిన ఆ వైద్యులే, చికిత్సను ప్రయత్నించే కుటుంబానికి లక్ష్యం ముందే నిర్ణయించుకొని, డైరీ రాసి, ఫలితం ఉన్నదో లేదో తేల్చుకోవడం నేర్పమన్నారు. రెండు వారాలు ముక్క ఇవ్వకుండా, రెండు వారాలు ఇచ్చి, రోజుకు ఎన్ని చొక్కాలు మార్చవలసి వచ్చిందో, చేతిని ఎన్నిసార్లు కొరుక్కున్నాడో నోటు పుస్తకంలో గీతలు గీస్తే చాలు. గీతలు తగ్గకపోతే ముక్కను పక్కన పెట్టేయవచ్చు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న మేధో వైకల్యాల జాతీయ సంస్థ, ఇప్పటి నైపిడ్, బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలకు బోధనా సామగ్రి కిట్లను కేంద్ర పథకం కింద పంచుతున్నది. అటువంటి కిట్టులో ఇలాంటిదొకటి, వాడే పద్ధతి తెలుగులో రాసిన కాగితంతో సహా ఉంటే, ఇంటివారు ఫోనులో బొమ్మ చూసి కొనే అవసరం రాదు. ఆట వస్తువులకు 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అదే వస్తువును థెరపీ పరికరమనో ఆభరణమనో అమ్మితే కొనేవారు ఆ గుర్తు కోసం వెతకరు.

వైద్యుడు: కిట్టు వచ్చింది, కాగితం వచ్చింది అనుకుందాము. పాలమూరులో ఆ కాగితం ఎవరి చేతికి పోతుంది? తల్లీతండ్రీ పుణెకో ముంబయికో కూలికి పోయి ఉంటారు, పిల్లవాడు నాయనమ్మ దగ్గర ఉంటాడు. సిలికాన్ కూడా రోజూ కొరికితే గాట్లు పడుతుంది, గాటు చీలిక అవుతుంది, చీలిక ముక్కగా ఊడుతుంది. రోజూ రాత్రి వెలుతురులో పట్టి చూడాలని కాగితంలో రాసి ఉంటుంది. ఆమె కంటికి శుక్లం ఉంటుంది.

ఉపాధ్యాయిని: శుక్లం ఉన్న కంటితోనే ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతున్నది, డాక్టర్ గారూ, చూపు తప్పినచోట వేలితో తడిమి ఏరుతుంది. ముక్కను సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, బొటనవేలి గోరును దాని మీద అటూ ఇటూ గీయాలి. నునుపుగా జారితే ఉంచాలి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే పారేయాలి.

వైద్యుడు: పారేస్తుందా? అంత డబ్బు పెట్టి కొన్నదాన్ని?

ఉపాధ్యాయిని: పారేయమంటే పారేయదు. పాతది తెచ్చి ఇస్తేనే కొత్తది ఇస్తామంటే తెస్తుంది.